నిశ్శబ్దాన్ని రికార్డు చేసి చూడండి

మా మేనత్త ఉండేది విజయవాడ సత్యనారాయణపురంలో. డెబ్బై దాటినా తెల్లవారుజామున వీణ ముందు కూర్చునే అలవాటు ఆవిడకి తప్పలేదు. మొన్న వేసవిలో ఆవిడ మోహన రాగం వాయిస్తుంటే ఫోన్‌లో రికార్డు చేసి వినిపించాను. రెండు నిమిషాలు విని, "ఒరేయ్, శ్రుతి ఏదిరా?" అంది.

నిజమే. శ్రుతి కోసం పక్కనే పెట్టిన ఎలక్ట్రానిక్ తంబురా మొదటి రెండు మూడు సెకన్లు బాగానే వినబడింది. ఆ తర్వాత నీళ్లలో మునిగినట్టు అణిగిపోయింది. వీణ గట్టిగా మీటినప్పుడు కాస్త తల ఎత్తి, మళ్లీ మునిగేది.

ఫోన్‌ని తిట్టి లాభం లేదు. దాని మైకు ఉన్నది మాటల కోసం. మాట ఆగి ఆగి, హెచ్చుతగ్గులతో వస్తుంది. ఫ్యాన్, కూలర్, వీధిలో బస్సు ఇంజన్ ఎడతెగకుండా ఒకేలా మోగుతాయి. అందుకని ఒకేలా మోగేదాన్ని రొద కింద లెక్కగట్టి తగ్గించేసే ఏర్పాటు ఫోన్లలో ఉంటుంది. తంబురా చేసే పనే ఒకేలా మోగడం! పాట నిలబడే నేలని చెత్త అనుకుని ఊడ్చేసింది పాపం.

సరే, సంగీతం కోసమే చేసిన చిన్న రికార్డర్ కొందామని బీసెంట్ రోడ్డుకి వెళ్లాను. షాపతను రెండు పెట్టెలు తీసి, "సార్, ఇది 96 కిలోహెర్ట్జ్, అది 192. డబుల్ క్వాలిటీ" అన్నాడు. సెకనుకి శబ్దాన్ని ఎన్ని వేల సార్లు కొలుస్తుందో చెప్పే లెక్క ఆ కిలోహెర్ట్జ్. డబుల్ అయ్యేది ఫైలు సైజు మాత్రమే. ఎందుకో చెప్పాలంటే 1928కి వెళ్లాలి.

ఆ ఏడాది అమెరికాలో హ్యారీ నైక్విస్ట్ అనే టెలిఫోన్ ఇంజనీరు రెండు వ్యాసాలు ప్రచురించాడు. మొదటిది టెలిగ్రాఫ్ సంకేతాల గురించి. అందులోని ఆలోచనే తర్వాత పెరిగి, 1949లో క్లాడ్ షానన్ ఇచ్చిన నిరూపణతో డిజిటల్ శబ్దానికి పునాది అయింది. సెకనుకి ఇన్నిసార్లు ఊగే అలని మళ్లీ యథాతథంగా గీయాలంటే, అంతకు రెట్టింపు కంటే ఎక్కువసార్లు దాన్ని కొలిస్తే చాలు. మన చెవి ఎంత బాగున్నా 20,000 హెర్ట్జ్, అంటే సెకనుకి 20,000 ఊపులు, దాటి వినలేదు. వయసు పైబడితే అదీ ఉండదు. కాబట్టి సెకనుకి 40,000 పైచిలుకు కొలతలు సరిపోతాయి. సీడీకి 44,100 పెట్టారు. తొలిరోజుల్లో డిజిటల్ శబ్దాన్ని వీడియో టేపుల మీద దాచేవాళ్లు, ఆ టేపు గీతల లెక్కలోంచి వచ్చిన అంకె అది. వీడియోలకి 48,000 వాడుక. రెండు చానళ్లలో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లతో రికార్డు చేస్తే గంటకి సుమారు 1 జీబీ అవుతుంది, 96కి మారిస్తే 2 జీబీ. ఆ రెండో జీబీలో మా అత్తయ్య వీణ అదనంగా ఏమీ పలకదు. మన చెవికి అందనంత పైస్థాయిలో కూసే గబ్బిలాలని రికార్డు చేసేవాళ్లయితే 192 కొనుక్కోండి, నేను అడ్డు రాను.

షాపతను చెప్పనిది నైక్విస్ట్ రెండో వ్యాసం. అది రొద గురించి. బెల్ ల్యాబ్స్ అనే టెలిఫోన్ పరిశోధనశాలలో జాన్ జాన్సన్ ఒక విచిత్రం కొలిచాడు. దేనికీ తగిలించకుండా ఊరికే పెట్టిన విద్యుత్ నిరోధకంలో కూడా సన్నటి రొద పుడుతోంది. దానికి కారణం చెప్పింది నైక్విస్ట్. వేడి ఉన్న ప్రతి వస్తువులోనూ ఎలక్ట్రాన్లు కుదురుగా ఉండవు. ఆ కదలికే వోల్టేజీగా మారి, యాంప్లిఫయర్‌లోంచి 'హిస్‌స్‌' అని బయటికొస్తుంది. అలాగే గాలి అణువులు మైకు పొరని అన్ని వైపుల నుంచీ గుద్దుతూనే ఉంటాయి. పొర చిన్నదైన కొద్దీ ఆ గుద్దుళ్ల ప్రభావం పెరుగుతుంది.

మరి బెజవాడ ఎండకి ఈ రొద పెరగదా? లెక్క వేసి చూశాను. పెరుగుతుంది. 27 డిగ్రీల నుంచి 45కి వెళితే నిరోధకంలోని రొద శక్తి 6 శాతం హెచ్చుతుంది. శబ్దం హెచ్చుతగ్గుల్ని కొలిచే డెసిబెల్స్‌లో చెప్పాలంటే పావు. ఎవరికీ వినబడదు. ఎండాకాలంలో రికార్డింగుని పాడుచేసేది ఎలక్ట్రాన్లు కాదు, నడినెత్తిన తిరిగే ఫ్యాన్.

బిట్ల సంగతీ ఇక్కడే తేలుతుంది. 16 బిట్లంటే శబ్దం ఎత్తుని కొలవడానికి 65,536 మెట్లు, 24 అంటే 1,67,77,216. కాగితం మీద 24 బిట్ల పరిధి 144 డెసిబెల్స్. కానీ మైకూ యాంప్లిఫయరూ చేసే రొద అంతకంటే చాలా ముందే అడ్డుపడుతుంది. కింది మెట్లు కొన్ని ఆ రొదనే శ్రద్ధగా రాసుకుంటూ ఉంటాయి. అయినా 24 బిట్లే పెట్టుకోండి. రికార్డింగు లెవెల్ కాస్త తక్కువలో ఉంచినా నష్టం ఉండదు.

కాబట్టి రికార్డర్‌ని పరీక్షించడానికి పాట కంటే నిశ్శబ్దం మంచిది. నేను షాపతన్ని వెనక స్టాక్ రూమ్‌లోకి వెళ్లనిమ్మన్నాను. అతను నవ్వాడు, కానీ వెళ్లనిచ్చాడు. చెయ్యి చాచినంత దూరంలో రికార్డర్ పెట్టి గుసగుసగా నాలుగు మాటలు అని, ఒక నిమిషం ఊరకున్నాను. రెండో దానితోనూ అలాగే. తర్వాత హెడ్‌ఫోన్లు పెట్టుకుని, రెండింటిలోనూ గుసగుస ఒకే స్థాయిలో వినబడేట్టు వాల్యూమ్ సరిచేసి, ఆ తర్వాతి మౌనం విన్నాను. గుసగుసని సమానం చేయకుండా మౌనాన్ని పోల్చకూడదు. గెయిన్, అంటే మైకు శబ్దాన్ని పెంచే మోతాదు, తక్కువ పెట్టిన పెట్టే నెగ్గేస్తుంది. నా పరీక్షలో ఖరీదైన 192 పెట్టెలో వర్షం పడుతున్నట్టుంది. చవకది చాలా నయం. ఏ మోడలో చెప్పను, మీరు కొనేది వేరే ఉంటుంది. పరీక్ష మాత్రం అదే చేయండి.

వీణకి ఇంత చాదస్తం ఎందుకంటే, అది నెమ్మదైన వాద్యం. ఇక్కడికి దగ్గరే నూజివీడులో చేసే వీణలైనా సరే, మీటు తర్వాత గమకం సాగుతూ సాగుతూ చివరికి రొదలో కలిసిపోతుంది. ఆ తోక ఎంత దూరం వినబడుతుందన్నదే రికార్డర్ విలువ. నాదస్వరమో డోలో రికార్డు చేసేవాళ్లకి ఈ బెంగ లేదు. వాళ్ల కష్టం రెండో కొసన ఉంటుంది. డిజిటల్‌లో గరిష్ఠ మట్టం దాటిన శబ్దం తల తెగినట్టు చదునై పగిలిపోతుంది. తర్వాత బాగుచేయడం దాదాపు అసాధ్యం. శ్రుతి చేసుకుంటున్నప్పుడు లెవెల్ పెట్టి నిశ్చింతగా కూర్చున్నవాళ్లు మృదంగం ఒంటరిగా విజృంభించే తని ఆవర్తనంలో దొరికిపోతారు. మృదంగం ఆయన్ని ముందే ఒకసారి గట్టిగా వాయించమని అడిగి, ఆ దెబ్బ గరిష్ఠానికి 12 డెసిబెల్స్ కింద ఉండేట్టు పెట్టుకోవాలి. ఆటో లెవెల్ ఉంటే తీసేయండి. అది ప్రతి దెబ్బకీ గాత్రాన్ని కిందికి నొక్కి, ఖాళీ దొరికితే ఫ్యాన్ మోతని పైకి లాగుతుంది.

ఈ మధ్య 32 బిట్ ఫ్లోట్ రికార్డర్లు వస్తున్నాయి. జూమ్ కంపెనీ 2024లో తెచ్చిన హెచ్1 ఎసెన్షియల్‌లో లెవెల్ పెట్టే పనే లేదు. లోపల శబ్దాన్ని అంకెలుగా మార్చే కన్వర్టర్లు రెండు ఉంటాయి, ఒకటి మెల్లటి శబ్దానికి, ఒకటి గట్టి శబ్దానికి. రెండింటినీ కలిపి రాస్తుంది. పెళ్లి హడావుడిలో రికార్డు చేసేవాళ్లకి టెన్షన్ తగ్గించే మంచి ఏర్పాటే. అయితే మైకు తనే తట్టుకోలేనంత మోతని అది కాపాడలేదు. హిస్ కూడా తగ్గదు.

మైకులు ఎటు చూస్తున్నాయో కూడా గమనించండి. రెండు మైకులు ఒకదాని మీదుగా ఒకటి వాలినట్టుంటే అవి ఎదుటి శబ్దాన్ని ఎక్కువ, వెనక శబ్దాన్ని తక్కువ పట్టుకుంటాయి. కచేరీ హాల్లో దగ్గులూ కుర్చీల చప్పుళ్లూ వెనకే కదా. టాస్కామ్ డీఆర్-05ఎక్స్ లాంటి వాటిలో మైకులు అన్ని వైపులా సమానంగా వింటాయి. బుర్రకథకుడు షేక్ నాజర్ పుట్టిన గుంటూరు జిల్లాలో బుర్రకథ రికార్డు చేసేవాళ్లకి ఇవి నయం, కథకుడు ఒక్క చోట నిలవడు కాబట్టి. దసరా పందిట్లో అయితే మైకుసెట్ మిక్సర్ నుంచి వైరు తీసుకోవాలనిపిస్తుంది. అందుకు మిక్సర్ నుంచి వచ్చే గట్టి సిగ్నల్‌ని తట్టుకునే లైన్ ఇన్‌పుట్ ఉన్న రికార్డర్ కావాలి, మైకు సాకెట్‌లో పెడితే శబ్దం పగులుతుంది. 50 హెర్ట్జ్ గుయ్యిమనే మోత వస్తే చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడిపి చూడండి, చాలాసార్లు పోతుంది.

అన్నిటికంటే చవకైన ఉపాయం దగ్గరికి జరగడం. దూరం సగం చేస్తే నేరుగా వచ్చే శబ్దం 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది రొద ఉన్నచోటే ఉంటుంది. మరీ దగ్గరైతే వీణ మెట్ల మీద వేళ్లు గీసుకునే చప్పుడు వినబడుతుంది. వీణ కుండ వైపు మూడడుగుల దూరం మాకు కుదిరింది.

విజయవాడలో ఆకాశవాణి 1948 డిసెంబర్ 1న మొదలైంది. రేడియో స్టూడియోల్లో మెత్తటి గోడలూ బరువు తలుపులూ కట్టి నిశ్శబ్దాన్ని తయారు చేస్తారు. మాకున్నది తెల్లవారుజాము నాలుగున్నర ఒక్కటే. మళ్లీ ఆ వేళకి లేచి, కిటికీలు వేసి, మే నెలలో ఫ్యాన్ ఆపమని అత్తయ్యని బతిమాలాను. ఇరవై నిమిషాలు మోహన వాయించింది. చివరి మీటు తోక తంబురాలో కలిసేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. మీట నొక్కి ఆపబోయేలోగా ఆవిడ గొంతు కూడా అందులో పడింది:

"ఇక ఫ్యాన్ వెయ్యరా."