ఊరి మధ్య కాలువల్లో పైక్ వేట: అపోహలు – వాస్తవాలు

ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ మనవాళ్లలో గోదావరి గట్ల మీద, తెలంగాణ చెరువు కట్టల మీద గాలం వేస్తూ పెరిగినవాళ్లు చాలామందే ఉన్నారు. ఇక్కడికొచ్చాక మానేశారేమని అడిగితే, "ఇక్కడ పైక్ లాంటివి పట్టాలంటే పెద్ద సరస్సులకు పోవాలి, పడవ కావాలి, అదంతా మన వల్ల ఏమవుతుందండీ" అంటారు. రైలు దిగి ఇంటికి నడిచే దారిలోనే కాలువ ఉంటుంది. అందులో మూరెడు పైక్‌లుంటాయి. ఒక్కోచోట గజం పొడవువి కూడా.

నేను ఉండేది స్లౌ దగ్గర. గ్రాండ్ యూనియన్ కాలువ నుంచి చీలి వచ్చే స్లౌ ఆర్మ్ మీద చలికాలమంతా తిరుగుతాను, వీలైనప్పుడు బర్మింగ్‌హామ్ కాలువలకూ వెళ్తాను. కొత్తవాళ్లు ఎవరైనా వస్తానంటే వెంటబెట్టుకు వెళ్తాను. వాళ్ల నోట మళ్లీ మళ్లీ వినిపించే మాటలు తీసుకుని, నాకు తెలిసింది చెబుతాను.

పైక్‌ని చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒళ్లు పొడుగ్గా, ఆకుపచ్చగా, లేత పసుపు మచ్చలతో ఉంటుంది. మూతి బాతు ముక్కులా చదునుగా ఉంటుంది. వీపు రెక్క బాగా వెనక్కి, తోక దగ్గర ఉంటుంది. ఆ రెక్క, తోక కలిసి ఒక్క ఊపు ఇస్తే చాలు, నిలబడ్డచోటి నుంచి బాణంలా దూకుతుంది. తరిమి తరిమి పట్టదు. కొర్రమీనులా నాచు పక్కన పొంచి కూర్చుంటుంది.

అపోహ: ఆ మురికి నీళ్లలో చేపలేముంటాయి?

నీళ్ల రంగు చూసి అలా అంటారు. నగర కాలువల్లో ఆ టీ రంగుకు ఎక్కువగా కారణం మురుగు కాదు, అడుగున ఉన్న బురద. కాలువ లోతు చాలాచోట్ల నాలుగైదు అడుగులే. పడవ వెళ్లిన ప్రతిసారీ దాని పంకా ఆ బురదను లేపుతుంది. నవంబరు తర్వాత పడవలు తగ్గుతాయి, నీళ్లు తేటబడతాయి. అప్పుడు వంతెన మీద నిలబడి చూడండి, రోచ్ అనే చిన్న చేపల గుంపులు కళ్లకే కనిపిస్తాయి. స్లౌ ఆర్మ్‌లో అయితే పడవల రాకపోకలు ఎప్పుడూ తక్కువే. అక్కడ అడుగున నాచు కదలడం కూడా కనిపిస్తుంది.

ఒకప్పుడు ఈ నీళ్లు నిజంగానే పాడైపోయాయి, కాదనను. లండన్‌లో థేమ్స్ నది చచ్చిపోయిందని 1957లో నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్లే తేల్చారు. ఫ్యాక్టరీలు మూతపడ్డాక, మురుగు శుద్ధి మెరుగుపడ్డాక నీళ్లు కోలుకున్నాయి, చేపలు తిరిగొచ్చాయి. జనం మనసులో మాత్రం పాత బొమ్మే ఉండిపోయింది. పైక్ లాంటి వేటాడే చేప ఒకచోట ఏళ్ల తరబడి బతుకుతోందంటే, దాని కింద చిన్న చేపలు, వాటి కింద పురుగూ పుట్రా, నాచూ అన్నీ ఉన్నట్టే.

అపోహ: కాలువంతా ఒకే తీరు, ఎక్కడ వేసినా ఒకటే

కొత్తవాళ్లు రోజులు పోగొట్టుకునేది ఇక్కడే. పై నుంచి చూస్తే కాలువ గీత గీసినట్టు ఉంటుంది గానీ, కింద అలా ఉండదు. మధ్యలో పడవలు నడిచే లోతు దారి. రెండు గట్ల వెంబడీ మెట్టులా లోతు తక్కువ భాగం. ఆ మెట్టు లోతులోకి దిగే అంచున పైక్ నిలబడుతుంది. చాలామంది వచ్చీ రాగానే అవతలి గట్టుకు విసురుతారు. మీ కాళ్ల దగ్గరి అంచును మొదట వెతకండి. గట్టు నుంచి రెండడుగులు వెనక్కి జరిగి, గట్టుకు సమాంతరంగా విసిరి, నెమ్మదిగా లాక్కోండి. బరువుగా అడుగులేస్తూ గట్టు చివరకు వెళ్లి నిలబడితే, అక్కడున్న చేప మీకన్నా ముందే వెళ్లిపోతుంది.

చలికాలంలో అసలు సూత్రం ఒక్కటే. పైక్‌ని వెతక్కండి, రోచ్ ఎక్కడుందో వెతకండి. నీళ్లు చల్లబడేకొద్దీ చిన్న చేపలు కిలోమీటర్ల కొద్దీ కాలువను ఖాళీ చేసి నాలుగైదు చోట్ల గుమిగూడతాయి. వరుసగా కట్టేసిన పడవల కింద, వంతెన నీడలో, పడవలు మళ్లడానికి వెడల్పు చేసిన చోట, లాకుల దిగువన, ఊరి మధ్య పడవలు ఆగే బేసిన్లలో ఉంటాయి. సాయంత్రం చీకటి పడే ముందు రోచ్ నీటి పైకి వచ్చి బుడుంగుమంటాయి. ఆ రోజు గాలం లేకుండా ఊరికే నడిచి చూసి రండి. మర్నాడు పొద్దున అక్కడికి వెళ్లండి.

బర్మింగ్‌హామ్‌లో స్పఘెట్టీ జంక్షన్ అంటే కార్లలో వెళ్లేవాళ్లందరికీ తెలుసు, 1972లో తెరిచిన పెద్ద రోడ్ల కూడలి. దాని సరిగ్గా కింద, సాల్ఫర్డ్ జంక్షన్ దగ్గర మూడు కాలువలు కలుస్తాయని మాత్రం ఆ కార్లలోవాళ్లకు తెలియదు. తల మీద మోటర్‌వే హోరు, చుట్టూ కాంక్రీటు స్తంభాలు, మధ్యలో నీడపట్టున నీళ్లు. కాలువలు కలిసే చోటు వెడల్పుగా ఉంటుంది, స్తంభాల చాటు ఉంటుంది. పొంచి ఉండే చేపకు కావలసింది అదే. అందమైన చోటు కాదు. కానీ అలాంటి చోట వేరే గాలపు మనిషి కనిపించడం అరుదు, అందుకే నాకిష్టం.

అపోహ: కాలువల్లో ఉండేవన్నీ పిల్లలే

ఎక్కువ భాగం చిన్నవే, నిజం. పది పౌండ్ల లోపు పైక్‌ని ఇక్కడ జాక్ అంటారు, కాలువలో పడేవాటిలో వాటిదే పెద్ద వాటా. బ్రిటిష్ రికార్డు 47 పౌండ్ల 5 ఔన్సుల చేప 2024లో చ్యూ వ్యాలీ అనే పెద్ద జలాశయంలో పడింది. అలాంటిది ఊరి కాలువలో ఆశించకూడదు. పెద్దవన్నీ ఆడవే, మగవి పది పౌండ్లు దాటడం అరుదు. కానీ పదీ పన్నెండు పౌండ్ల ఆడ పైక్ నగరం నడిబొడ్డున ఉండటం వింతేమీ కాదు. నాలుగడుగుల నీళ్లలో, మీ కాళ్ల ముందు, అంతటి చేప లూర్ (చేపలా చేసిన ఉత్తుత్తి ఎర) మీదికి తిరిగితే దానికున్న విలువ వేరు. దాన్ని జలాశయంలో ముప్పై పౌండ్ల చేపతో పోల్చి తగ్గించడం నాకు నచ్చదు.

అపోహ: ఎండాకాలమే హాయి, అప్పుడే పట్టాలి

మనకు హాయి, చేపకు కాదు. వెచ్చని నీళ్లలో ప్రాణవాయువు తక్కువ. పైక్ మొదట్లో గట్టిగా గుంజి త్వరగా అలిసిపోతుంది. వేసవిలో అలా అలిసిన చేప ఈదుకుంటూ వెళ్లినట్టే కనిపించి తర్వాత చచ్చిపోవచ్చు. నేను అక్టోబరులో మొదలుపెట్టి మార్చి మొదట్లో ఆపేస్తాను. నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా మామూలు మంచినీటి చేపల వేట చట్టం ప్రకారం నిషేధం. చాలా కాలువలకు ఆ నిషేధం వర్తించదు. అయినా అది పైక్ గుడ్లు పెట్టే కాలం, వదిలేయడమే మంచిది.

అపోహ: బతికున్న ఎర లేకపోతే ముట్టదు

పైక్ చచ్చిన చేపను కూడా ఏరుకు తింటుంది. సూపర్ మార్కెట్లో దొరికే సార్డీన్, సగం మాకరెల్ చాలు. అంతకంటే నాకు లూర్ నయం. ఒక రాడ్, చిన్న సంచీ, నాలుగు రబ్బరు చేపలు పట్టుకుని మూడు నాలుగు కిలోమీటర్లు నడుస్తూ వెతకొచ్చు. కూర్చుంటే ఒక్కచోటే ఉంటారు, నడిస్తే కాలువంతా మీదే.

అపోహ: లైను గట్టిదైతే వైరు అక్కర్లేదు

లైనుకూ గాలానికీ మధ్య కట్టే లోహపు తీగే వైరు. అక్కర ఉంది, ప్రతిసారీ ఉంది. పెర్చ్ అనే వేరే చేప కోసం వేసినా సరే, పైక్ ఉన్న నీళ్లైతే వైరు కట్టాల్సిందే. కింది దవడ కోరలు కత్తుల్లా ఉంటాయి, ఎంత మందం నైలాన్ అయినా ఒక్క ఒరుపుతో తెగుతుంది. అప్పుడు మూడు కొక్కేల గాలం నోట్లో పెట్టుకుని ఆ చేప వెళ్లిపోతుంది. "తుప్పు పట్టి రాలిపోతుందిలే" అనేవాళ్లున్నారు. ఆ లోపల అది తినలేక చావొచ్చు. ఎర వేసి పట్టేటప్పుడు వైరు 45 సెంటీమీటర్లకు తగ్గకూడదు. మెలిపడితే పారేసి కొత్తది కట్టండి.

అపోహ: బెండు మునిగాక పూర్తిగా మింగేదాకా ఆగాలి

అన్నిటిలోకీ పైక్ ప్రాణం తీసే మాట ఇది. పైక్ ఎరను ముందు అడ్డంగా పట్టుకుంటుంది. కాసేపటికి తల వైపు తిప్పుకుని మింగుతుంది. అడ్డంగా పట్టుకున్నప్పుడే గాలం దవడ దగ్గర ఉంటుంది. "గట్టిగా తగలనీ" అని లెక్కపెడుతూ కూర్చుంటే పొట్టలోకి పోతుంది. బెండు కదిలి పక్కకు జరగగానే లైను బిగించి లాగండి. ఒకటి రెండు తప్పిపోతే పోనీండి. రాడ్ వదిలేసి టీ కోసం కెఫేకి పోవద్దు.

లాగాక మరో అపోహ మొదలవుతుంది, ఇంత భయంకరంగా ఉంది కాబట్టి దానికేమీ కాదని. పైక్ ఎంత కరుకుగా కనిపిస్తుందో పట్టుకున్న చేతుల్లో అంత సున్నితం. గాలం విసరకముందే, చేపను ఒడ్డుకు చేర్చి గాలం ఊడదీసే సామాను సిద్ధంగా ఉండాలి: పెద్ద రబ్బరు వల, తడిపిన మెత్తటి చాప, కనీసం అడుగు పొడవున్న ఫోర్సెప్స్, గాలాన్ని తెంచే కటింగ్ ప్లేయర్. గాలం కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముళ్లు ముందే నొక్కేసి ఉండాలి.

చేపను చాప మీద పక్కకు పడుకోబెట్టి దాని పక్కన మోకాళ్ల మీద కూర్చోండి. ఎడమ చేతి వేళ్లను మొప్ప మూత కింద, దాని అంచును ఆనుకునే జరపండి. లోపల ఎర్రగా దువ్వెన పళ్లలా ఉండే మొప్పలను తాకకూడదు. వేళ్లు ముందుకు జరిగి గడ్డం కింద ఎముక దగ్గర ఆగుతాయి. అక్కడ గట్టిగా పట్టుకుని తల కొద్దిగా పైకెత్తితే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. నోటి కప్పు నిండా లోపలికి వాలిన సన్నపళ్లు కనిపిస్తాయి. అందుకే దాని నోట్లో పడ్డది వెనక్కి రాదు. అప్పుడు కుడిచేత్తో ఫోర్సెప్స్ పెట్టి గాలాన్ని వచ్చిన దారినే తిప్పండి. రెండు ప్రయత్నాల్లో రాకపోతే ప్లేయర్‌తో ముక్కలుగా తెంచేయండి. గాలం ఖరీదు ఎంతని! ఫోటో కావాలంటే నేలకు దగ్గరగా, రెండు చేతులతో, ఒక్కటి. నిలువుగా దవడకు వేలాడదీయొద్దు. గడ్డకట్టే చలి రోజున అది కూడా వద్దు, తడి మొప్పలు గాలికే దెబ్బతింటాయి.

అపోహ: పైక్ ఉంటే మిగతా చేపలను బతకనివ్వదు, చంపేయాలి

పెద్ద పైక్ తినేవాటిలో చిన్న పైక్‌లు కూడా ఉంటాయి. ఆ పెద్దదాన్ని తీసేస్తే ఆ చోటులో జాక్‌లు పెరిగిపోతాయి, చిన్న చేపల మీద ఒత్తిడి తగ్గకపోగా పెరుగుతుంది. ఇరుకు కాలువలో కిలోమీటరుకు అలాంటి పెద్ద ఆడ చేపలు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. ఒకటి పోతే దాని స్థానం నిండటానికి ఏళ్లు పడుతుంది.

అపోహ: పట్టుకుంటే పులుసు పెట్టుకోవచ్చు

అందరూ అడిగే ప్రశ్నే, తప్పు లేదు. మన దగ్గర పట్టేది తినడానికే కదా. ఇక్కడ నదుల్లో రోజుకు 65 సెంటీమీటర్లలోపు పైక్ ఒక్కటి తీసుకెళ్లడానికి జాతీయ నిబంధనలు ఒప్పుకుంటాయి. అదీ ఆ నీటి యజమాని ఒప్పుకుంటేనే. కాలువల సంగతి వేరు. కాలువల బాగోగులు చూసే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ నీళ్లలో పట్టిన పైక్‌ని తిరిగి వదలాలి. అనుమతి లేకుండా సంచిలో వేసుకుంటే చట్టం దృష్టిలో దొంగతనం. పాత పారిశ్రామిక కాలువల బురదలో లోహాలు పేరుకుని ఉంటాయి. వేటాడే చేపల ఒంట్లో పాదరసం ఎక్కువగా చేరుతుంది. పైగా పైక్ కండ నిండా చీలిన ముళ్లు. కొర్రమీను తిన్న నోటికి అది రుచించదు. పులుసు మీద మనసైతే చేపల దుకాణానికి వెళ్లండి.

అపోహ: కాలువ అందరిదీ, లైసెన్సెందుకు?

పదమూడేళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ ఇచ్చే రాడ్ లైసెన్స్ ఉండాలి. పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లలకు ఉచితమే, కానీ తీసుకోవాలి. లేకుండా పట్టుబడితే జరిమానా 2,500 పౌండ్ల దాకా ఉండొచ్చు. ఇది కాక ఆ ముక్క కాలువ ఏ క్లబ్బుదో, ట్రస్ట్‌దో చూసుకుని వాళ్ల పర్మిట్ విడిగా కొనాలి. రెండూ ఫోన్‌లోనే అయిపోతాయి.

ఇంకో రెండు జాగ్రత్తలు. కార్బన్ రాడ్ కరెంటును ప్రవహింపజేస్తుంది, తలపైన తీగలు చూసుకోకుండా ఎత్తొద్దు. చేతులకు గాట్లుంటే కట్టు కట్టుకోండి, తినేముందు చేతులు కడుక్కోండి. కోస్తాలో వరదల తర్వాత వచ్చే ఎలుక జ్వరం, అదే లెప్టోస్పైరోసిస్, ఇక్కడి కాలువ నీళ్లలోనూ పొంచి ఉంటుంది.

చివరగా ఒక అభ్యర్థన. ఎవరూ పట్టించుకోని నీళ్లలో ఏదైనా తేడా జరిగితే ముందు చూసేది మనలాంటివాళ్లే. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే, నూనె తెట్టు కనిపిస్తే, ఏ పైపు నుంచైనా రంగునీళ్లు దిగుతుంటే 0800 80 70 60కి ఫోన్ చేయండి. ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం. ఎక్కడని అడుగుతారు. కాలువ వంతెనలకు నంబర్ల పలకలుంటాయి, దగ్గరలో ఉన్న వంతెన నంబరు చెప్పండి.