వేట నిషేధం తర్వాత ఆగి ఆగి నడిచే బోటు ఇంజిను: అపోహలు – వాస్తవాలు

కొత్తపట్నం తీరంలో బోటు ఇంజిన్లు బాగుచేయడం నా పని. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం. అన్నాళ్లూ ఇంజిను వసారాలోనో పాకలోనో గోనెపట్టా కింద పడి ఉంటుంది. మళ్లీ పడవకు బిగించిన వారంలో నా దగ్గరకు వచ్చే మాట దాదాపు ఒకటే: "స్టార్ట్ అవుతుందన్నా, పది నిమిషాలు నడిచి ఆగిపోతోంది. కాసేపుంటే మళ్లీ అందుకుంటోంది." అసలు స్టార్టు కాని ఇంజినుకంటే నాకు దీనితోనే భయం. స్టార్టు కానిది మనిషిని ఒడ్డునే ఉంచుతుంది. ఇది అలలు విరిగే చోట ఆగిందంటే పడవ అడ్డం తిరుగుతుంది.

అపోహ: ఆగిపోతోందంటే ప్లగ్గు పోయినట్టే, లేదా కార్బురేటర్ విప్పి కడగాలి.

వాస్తవం: స్పానర్ పట్టుకునే ముందు ఇంజిను ఎలా ఆగుతోందో గమనించండి. స్విచ్చి ఆపినట్టు ఠక్కున ఆగితే కరెంటు వైపు చూడాలి. ఆపే తాడు క్లిప్పు దగ్గర, వైర్ల జాయింట్ల దగ్గర ఉప్పుగాలికి పచ్చని చిలుము పడుతుంది. ప్లగ్గుకు కరెంటు పంపే కాయిల్ వేడెక్కినప్పుడు మాత్రమే పనిచేయడం మానేసి, చల్లారాక మామూలుగా ఉండటం కూడా చూశాను. అందుకే నిప్పురవ్వ పరీక్ష ఇంజిను ఆగిన వెంటనే, వేడి మీదే చేయాలి. పెట్రోలు ఆవిరి లేని చోట చేయండి.

గొంతు తడారినట్టు గునిసి గునిసి ఆగితే పెట్రోలు అందడం లేదు. అప్పుడు వెతుకులాట ట్యాంకు నుంచి మొదలుపెట్టి ఇంజిను వైపు రావాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

మొన్నటి సీజనులో రామాయపట్నం వైపు నుంచి ఒక పడవ వాళ్లు పిలిచారు. అప్పటికే రెండుసార్లు ప్లగ్గులు మార్చారు, కార్బురేటర్ కడిగారు. ఇంజిను నడుస్తుంటే నేను పెట్రోలు పైపు మధ్యలో ఉండే, చేత్తో నొక్కి పెట్రోలు ఎక్కించే రబ్బరు బల్బునే చూస్తూ కూర్చున్నాను. ఎనిమిదో నిమిషానికి అది పీల్చేసిన తాటిముంజె తొక్కలా చదునుగా అతుక్కుపోయింది. ఇంజిను గునిసింది. ట్యాంకు మూత మీద గాలి మర వదులు చేయగానే బుస్సుమని గాలి లోపలికి పోయింది, బల్బు ఉబ్బింది, ఇంజిను తేరుకుంది. నిషేధంలో చెమ్మ లోపలికి పోకూడదని బిగించిన మరను ఎవరూ తిరిగి తెరవలేదు. అంతే.

బల్బు చదునైతే అడ్డు ట్యాంకు వైపే ఉంది: గాలి మర, ట్యాంకులోని జల్లెడ, లేదా లోపలి పొర ఊడి మూసుకుపోయిన పైపు. బల్బు నొక్కుతుంటే ఇంజిను కోలుకుంటే పెట్రోలు పంపు బలహీనపడిందేమో, పైపు జాయింట్లలో గాలి పీలుస్తోందేమో చూడండి.

అపోహ: పాత పెట్రోలులో నాలుగు లీటర్లు కొత్తది కలిపితే సరిపోతుంది.

వాస్తవం: ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది చెమ్మను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి అడుగుకు దిగిపోతాయి. పీల్చే గొట్టం ఉండేదీ అడుగునే. ట్యాంకు అడుగు నుంచి కొంచెం గాజు సీసాలోకి తీసి అరగంట కదపకుండా ఉంచండి. కింద వేరే పొర కనబడితే ఆ పెట్రోలు మొత్తం తీసేయాలి. కొత్తది కలిపితే బాగుపడదు. కాలువలో బాగా నడిచిన ఇంజిను అలల్లో ఆగడానికి ఇదొక కారణం: ఊగేటప్పుడు అడుగునున్న నీరు లేచి గొట్టంలోకి వస్తుంది. పైగా నెలలు గడిచేసరికి పెట్రోలు జిగురుగా మారి కార్బురేటర్‌లోని సన్నటి రంధ్రాలను పూడుస్తుంది. ట్యాంకు శుభ్రం చేశాకే కార్బురేటర్ కడగండి. లేకపోతే రెండు రోజులకే మళ్లీ కడగాల్సి వస్తుంది.

అపోహ: డీజిలు చెడిపోదు.

వాస్తవం: సగం ఖాళీ ట్యాంకులో చెమ్మ నీరవుతుంది. నీరు, డీజిలు కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగట ఫిల్టరుకు అడ్డం పడుతుంది. నీరు వదిలి, ఫిల్టరు మార్చి, లైనులో గాలి తీయండి.

అపోహ: ఒడ్డున నీళ్లు లేకుండా అర నిమిషం తిప్పి చూస్తే ఏమీ కాదు.

వాస్తవం: దయచేసి ఆ పని చేయకండి. నీళ్లు తోడే ఇంపెల్లర్ రబ్బరుది. నెలల తరబడి ఒకవైపు వంగి ఉండి అది ముందే గట్టిపడి ఉంటుంది. పొడిగా తిరిగితే సెకన్లలోనే కాలుతుంది. నీళ్లలో నడిపేటప్పుడు కూడా ఇంజిను పక్క నుంచి నీటి ధార రాకపోతే వెంటనే ఆపండి.

బాగుచేశాక నేరుగా సముద్రంలోకి వెళ్లకండి. ఏటి మొగలోనో కాలువలోనో పడవను గట్టి తాడుతో కట్టి, గేరు వేసి అరగంట నడపండి. వచ్చే నిషేధానికి ముందు మంచినీళ్లతో ఇంజిను లోపల ఉప్పు కడిగి, కార్బురేటర్‌లో పెట్రోలు అయిపోయేదాకా నడిపి, ట్యాంకు ఖాళీ చేసి, ఇంజినును నిలువుగా ఉంచండి. గాలి మర బిగించాక దానికి ఒక ఎర్ర గుడ్డపీలిక కట్టండి, జూన్‌లో తెరవాలని గుర్తుండటానికి.