వాననీటిని నిదానింపజేయడం

చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు నీరు చేరుతుంది. ఈ లెక్కన రెండు వందల గజాల స్థలాన్ని పూర్తిగా కప్పేసిన డాబా మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే ఎనిమిది వేల లీటర్లకు పైగా నీరు వీధిలోకి వస్తుంది. అదే స్థలం మట్టిగా, గడ్డిగా ఉన్న రోజుల్లో ఈ నీటిలో కొంత ఇంకి, కొంత పల్లాల్లో నిలిచి, మిగిలినది తీరిగ్గా కదిలేది; కాంక్రీటు పరిచాక దాదాపు అంతా నిమిషాల్లో నాలాకు చేరుతోంది. నాలా పొంగడానికి ముఖ్య కారణం ఈ తొందరే. హరిత మౌలిక వసతులు, అంటే వాననీటిని పట్టి నిదానంగా వదిలే మొక్కల మడులు, చెరువుల వంటివి, తగ్గించగలిగేది కూడా ప్రధానంగా దీన్నే.

హైదరాబాద్ విషయంలో కాస్త జాగ్రత్త అవసరం. నగరం అడుగున ఉన్నది గ్రానైటు. పై మట్టి, శిథిల శిల దాటాక నీరు పగుళ్ల గుండా మాత్రమే కిందికి దిగగలదు కనుక, ఇంకుడు గుంతలు భూగర్భ జలాలకు మేలు చేసినా కుండపోత వానకు చాలవు. ఇక్కడ ఎక్కువ ఉపయోగపడేది రోడ్డు పక్కన, రోడ్డు మట్టం కంటే లోతుగా వేసే మొక్కల మడి. అందులో పైన ఇసుక కలిపిన మట్టి, దాని కింద కంకర, అడుగున చిల్లుల గొట్టం ఉంటాయి. వచ్చిపడిన నీటిని అది కొన్ని గంటలపాటు కొద్దికొద్దిగా వదులుతుంది, ఈలోగా నూనె జిడ్డును, లోహాలను మట్టి కొంతవరకు పట్టి ఉంచుతుంది. అయితే పూడిక, ప్లాస్టిక్ కవర్లు తీయకపోతే మడి మూసుకుపోతుంది. నిర్వహణకు పద్దు కేటాయించని మున్సిపాలిటీ దీని జోలికి పోకపోవడమే మంచిది.

ఇంతకన్నా పెద్ద వసతి నగరానికి ఎప్పటినుంచో ఉంది. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు నిండి అలుగు పారితే, ఆ నీరు కాలువ గుండా కింది చెరువుకు చేరుతుంది. కాలువ మీద ఇళ్లు లేస్తే గొలుసు తెగుతుంది. 2020 అక్టోబరు వరదల్లో పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి దిగువ బస్తీలు మునిగాయి. అంతగా చర్చకు రాని చిక్కు మరొకటుంది. వేసవిలో ఎండి ఖాళీ అవ్వాల్సిన చెరువులు చాలావరకు ఇప్పుడు మురుగునీటితో ఏడాది పొడవునా నిండే ఉంటున్నాయి. తొలకరి నాటికే నిండుగా ఉన్న చెరువు వరదకు చోటివ్వలేదు. అందుచేత మురుగును మళ్లించి శుద్ధి చేయడం, జూన్‌కు ముందే మట్టం తగ్గించడం కూడా వరద నివారణ పనులే. చెరువు చుట్టూ నడకదారులు, రంగుల దీపాలు ఆ కోవలోకి రావు.

వీటికీ హద్దులున్నాయి. వాననీటిని స్పాంజిలా పీల్చుకునేలా నగరాలను తీర్చిదిద్దే ‘స్పాంజ్ నగరాల’ కార్యక్రమాన్ని 2015లో మొదలుపెట్టిన చైనాలో, ఆ తరహా పనులు చేపట్టిన ఝెంగ్‌ఝౌ నగరంలోనే 2021 జులై 20న ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్ల వాన కురిసి మెట్రో రైలు మార్గం మునిగింది. తరచుగా కురిసే వానలను మొక్కల మడులు సంభాళిస్తాయి. అరుదైన వానకు వెడల్పైన నాలా, ఖాళీగా ఉంచిన శిఖం భూమి (చెరువు నిండినప్పుడు నీరు నిలిచే నేల) కావాలి. కాబట్టి కొత్త లేఅవుటుకు అనుమతి ఇచ్చేముందు, అక్కడి నీరు ఏ కాలువ గుండా ఏ చెరువుకు చేరుతుందో, ఆ చెరువు అలుగు ఎటు పారుతుందో నక్షాలో చూపించమని అడగడం అధికారులు వెంటనే చేయగలిగిన పని.