పన్ను తగ్గింది, భృతి పెరిగింది, మరి డబ్బు ఎటుపోయింది? (అపోహలు - వాస్తవాలు)

పన్నులు, సంక్షేమ పథకాలు మారినప్పుడల్లా ఏ కుటుంబానికి ఎంత మిగులుతుందో లెక్కగట్టడం నా ఉద్యోగం. వేల కుటుంబాల ఆదాయ వివరాలు కంప్యూటర్‌కి ఇచ్చి, పాత నిబంధనలతో ఒకసారి, కొత్తవాటితో ఇంకోసారి లెక్క నడిపిస్తాం. ఆ రెండింటి తేడాయే సంస్కరణ ఫలితం. బడ్జెట్ రోజున తెలిసినవాళ్ల ఫోన్లు ఆగవు. "మాకు లాభమా, నష్టమా?" అని అడుగుతూనే జవాబు కూడా వాళ్లే చెప్పేస్తుంటారు. ఆ జవాబుల్లో ఎక్కువగా వినిపించేవి ఇవి.

అపోహ: జీతం పెరిగి పై శ్లాబులో పడితే చేతికొచ్చేది తగ్గిపోతుంది.

మామూలు ఆదాయపు పన్నులో అలా జరగదు. వెయ్యి దాకా పన్ను లేదు, ఆపైన 20 శాతం అనుకోండి. మీ సంపాదన 1,100 అయితే పన్ను పడేది పైనున్న వందకే, అంటే 20. 1,100 మొత్తం మీద లెక్కేసి 220 కట్టాలేమోనన్న భయంతో ఓవర్‌టైం వద్దనుకున్నవాళ్లు నాకు తెలుసు.

అయితే సంక్షేమ భృతుల దగ్గరికొస్తే ఈ భయం ఒక్కోసారి నిజమే. బ్రిటన్‌లో ఇంట్లో జబ్బుతోనో వైకల్యంతోనో ఉన్నవారిని చూసుకునేవాళ్లకు కేరర్స్ అలవెన్స్ ఇస్తారు. 2024-25లో వాళ్ల సంపాదన, పన్నుల్లాంటివి పోగా, వారానికి 151 పౌండ్లు దాటకూడదు. ఒక్క పౌండు దాటినా ఆ వారం భృతి మొత్తం పోయేది. దాటిన సంగతి తెలియక ఏళ్ల తరబడి తీసుకున్న డబ్బంతా తిరిగి కట్టాల్సి వచ్చినవాళ్లు చాలామంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. 2025 ఏప్రిల్‌లో పరిమితిని 196 పౌండ్లకు పెంచారు. గోడ కాస్త అవతలికి జరిగింది కానీ కూలలేదు.

అపోహ: పేదలకు పన్ను భారం ఉండదు.

పన్ను ఒక్కటే చూస్తే అలాగే అనిపిస్తుంది. పన్నుతో పాటు భృతిలో కోత కూడా కలిపి చూడాలి. మళ్లీ బ్రిటన్ లెక్కే చెబుతాను. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వమిచ్చే యూనివర్సల్ క్రెడిట్ అనే భృతి తీసుకుంటూ, ఆదాయపు పన్ను కూడా కట్టే ఉద్యోగి అదనంగా 100 పౌండ్లు సంపాదించాడనుకోండి. ఆదాయపు పన్ను 20, పింఛను లాంటి వాటి కోసం జీతంలోంచి కోసే నేషనల్ ఇన్సూరెన్స్ 8 పోతే 72 మిగులుతాయి. ఆ 72 మీద పౌండుకు 55 పెన్నీల చొప్పున భృతి తగ్గిస్తారు, అంటే ఇంకో 39.60. చివరికి చేతిలో మిగిలేది 32 పౌండ్ల 40 పెన్నీలు. పనికి వెళ్లిరావడానికి అయ్యే ఖర్చు అందులోంచే పెట్టుకోవాలి. పెద్ద జీతగాళ్ల మీద కూడా ఇంత శాతం పన్ను వేసే దేశాలు తక్కువ. విచిత్రమేంటంటే దీన్ని ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. పన్ను ఒక శాఖ చూస్తుంది, భృతి ఇంకో శాఖ చూస్తుంది. రెండూ కలిసేది ఆ ఉద్యోగి జేబులోనే.

అపోహ: రేట్లు మార్చలేదు, భృతి తగ్గించలేదు కాబట్టి మా పరిస్థితి ఏమీ మారలేదు.

నన్నడిగితే అన్నిటికంటే ఖరీదైన అపోహ ఇదే. ఏమీ మార్చకపోవడం కూడా సంస్కరణే, ప్రకటన ఒక్కటే ఉండదు. ధరలు, జీతాలు పెరుగుతూ పన్ను మినహాయింపు పరిమితి మాత్రం ఉన్నచోటే ఉంటే, ఏటా మీ ఆదాయంలో ఇంకాస్త పన్ను కిందికి జారుతుంది. బ్రిటన్‌లో ఆ పరిమితి 2021 నుంచి 12,570 పౌండ్ల దగ్గరే నిలిచిపోయింది.

భృతి విషయంలో ఇరాన్‌ని చూడండి. 2010 డిసెంబరులో అక్కడ ఇంధనం మీద సబ్సిడీలు భారీగా తగ్గించి, బదులుగా మనిషికి నెలకు 4,55,000 రియాళ్ల నగదు ఇవ్వడం మొదలుపెట్టారు. మొదట్లో పేద ఇళ్లకు అది చెప్పుకోదగ్గ మొత్తమే. తర్వాత ధరలు ఏటేటా ఎగబాకినా ఆ అంకె మాత్రం ఏళ్ల తరబడి కదల్లేదు. ఎవరూ కోత పెట్టకుండానే నగదు కరిగిపోయింది. అందుకే కొత్త భృతి ప్రకటించినప్పుడు నేను ముందు చూసేది ఎంతిస్తున్నారన్నది కాదు, ధరలతో పాటు పెంచుతామని చట్టంలో రాశారా లేదా అన్నది.

అపోహ: వస్తువుల మీద పన్ను తగ్గిస్తే ధర కూడా అంతే తగ్గుతుంది.

2009 జులైలో ఫ్రాన్స్ రెస్టారెంట్ల మీద వ్యాట్‌ను 19.6 శాతం నుంచి 5.5 శాతానికి దించింది. బిల్లులు తగ్గింది కొద్దిగానే. మిగతాది చాలావరకు యజమానుల దగ్గరే ఆగింది.

అపోహ: నగదు ఇస్తే తాగుడికే పోతుంది.

ఇది విని విని విసుగొచ్చింది. ఎన్నో దేశాల అధ్యయనాలను ప్రపంచ బ్యాంకు పరిశోధకులు 2014లో ఒక్కచోట పెట్టి చూస్తే, నగదు బదిలీల వల్ల మద్యం, పొగాకు మీద ఖర్చు పెరిగిన దాఖలా కనిపించలేదు.

అపోహ: ఇంట్లో ఎవరి చేతికిస్తేనేం, అందరిదీ ఒకే కుటుంబం కదా.

నేనూ చాలాకాలం ఇలాగే అనుకున్నాను. 1970ల చివర్లో బ్రిటన్ పిల్లల కోసం ఇచ్చే పన్ను రాయితీని ఎత్తేసి, నగదు భృతిగా తల్లుల చేతికి ఇవ్వడం మొదలుపెట్టింది. అంతకుముందు ఆ రాయితీ ఎక్కువగా తండ్రి జీతంలో కలిసి వచ్చేది. తర్వాత ఆర్థికవేత్తలు కుటుంబాల ఖర్చులు పరిశీలిస్తే, మగవాళ్ల బట్టలతో పోల్చినప్పుడు ఆడవాళ్లు, పిల్లల బట్టల మీద పెట్టే ఖర్చు పెరిగినట్టు తేలింది. మేం నడిపే కంప్యూటర్ లెక్కలో మాత్రం ఇప్పటికీ ఇంటికి ఒకటే జేబు. తల్లి పేరున ఇచ్చిన వందా, తండ్రి పేరున ఇచ్చిన వందా అక్కడ ఒక్కలాగే కనిపిస్తాయి.