టెస్ట్‌లో నడిచిన ట్రిగ్గర్ తెల్లారేసరికి ఎందుకు ఆగిపోతుంది? అపోహలు - వాస్తవాలు

"నిన్న బాగానే నడిచిందండీ, పొద్దుటి నుంచి ఒక్క ఎంట్రీ కూడా పడలేదు, సర్వర్ పోయిందేమో చూడండి" అనే ఫోను, ఎన్ఎయిట్ఎన్ (n8n) అనే ఆటోమేషన్ టూల్‌లో వర్క్‌ఫ్లోలు, అంటే వాటంతటవే నడిచే పనుల వరసలు, కట్టి ఇచ్చే నాకు తరచుగా వస్తూనే ఉంటుంది. సర్వర్ నిక్షేపంగా ఉంటుంది; చిక్కంతా వర్క్‌ఫ్లోను మొదలుపెట్టే ట్రిగ్గర్‌లో ఉంటుంది.

అపోహ: టెస్ట్‌లో పనిచేసిన వెబ్‌హుక్ (బయటి నుంచి ఒక యూఆర్ఎల్‌కు రిక్వెస్ట్ రాగానే వర్క్‌ఫ్లోను మొదలుపెట్టే ట్రిగ్గర్) ఇక ఎప్పుడూ పనిచేస్తుంది.

వాస్తవం: వెబ్‌హుక్ నోడ్ (వర్క్‌ఫ్లోలో ఒక్కో మెట్టును నోడ్ అంటారు) రెండు యూఆర్ఎల్‌లు ఇస్తుంది. ‘వెబ్‌హుక్-టెస్ట్’ అని ఉన్నది, మనం లిజన్ బటన్ నొక్కిన తరువాత 120 సెకన్లపాటు, అదీ ఒక్క రిక్వెస్ట్ కోసమే ఎదురుచూస్తుంది. ఆ తరువాత ఎవరు తట్టినా 404, అంటే ‘దొరకలేదు’, అంటుంది. ఉత్త ‘వెబ్‌హుక్’ అని ఉన్న ప్రొడక్షన్ యూఆర్ఎల్, వర్క్‌ఫ్లోను యాక్టివ్ చేసినప్పుడు మాత్రమే ప్రాణం పోసుకుంటుంది. కొత్త వెర్షన్లలో దీన్నే పబ్లిష్ అంటున్నారు.

ఈ తప్పు నేనూ చేశాను. ఒక కోచింగ్ సెంటర్ అడ్మిషన్ ఫారానికి టెస్ట్ యూఆర్ఎల్‌నే అతికించి, యజమాని తన ఫోన్‌లో వివరాలు నింపగానే షీట్‌లో వరస పడటం చూసి, ఇద్దరం తృప్తిగా టీ తాగి లేచాము. ఆ ఫారం అవతలి నుంచి ఏ జవాబు వచ్చినా ‘ధన్యవాదాలు’ అనే చూపించేది కాబట్టి, రెండు రోజులపాటు దరఖాస్తు చేసిన పిల్లల ఫోన్ నంబర్లు ఎక్కడా మిగలకుండా పోయాయి.

యూఆర్ఎల్ మార్చిన తరువాత ఆయనకు ఇంకో భయం పట్టుకుంది: కాన్వాస్ (వర్క్‌ఫ్లోను కట్టే తెర) మీద ఏమీ కదలడం లేదని. ఆ కంగారు సహజమే, కానీ ప్రొడక్షన్ రన్‌లు కాన్వాస్ మీద కనిపించవు. ఎగ్జిక్యూషన్స్ ట్యాబ్ తెరిచి చూడాలి. అంతేగాని, ఎవరో వీడియోలో చెప్పారని వర్క్‌ఫ్లోను తుడిచేసి మళ్ళీ కట్టుకోవడం వృథా శ్రమ.

అపోహ: ఒక వర్క్‌ఫ్లోకు ఒకే ట్రిగ్గర్ ఉండాలి.

వాస్తవం: ఎన్నైనా పెట్టుకోవచ్చు.

అపోహ: ఎర్రర్ ట్రిగ్గర్‌ను ఎగ్జిక్యూట్ నొక్కి పరీక్షించవచ్చు.

వాస్తవం: చేత్తో నడిపిన వర్క్‌ఫ్లో ఫెయిలైతే అది పలకదు, దానంతటది నడిచినది ఫెయిలైతేనే పలుకుతుంది.

అపోహ: ఉదయం 9కి పెట్టిన షెడ్యూల్ సాయంత్రం నడిచిందంటే అది బగ్.

వాస్తవం: సొంత సర్వర్‌లో టైమ్‌జోన్ మార్చకపోతే డిఫాల్ట్‌గా న్యూయార్క్ ఉంటుంది. అక్కడి ఉదయం 9 అంటే మనకు వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. వర్క్‌ఫ్లో సెట్టింగ్స్‌లో ఏషియా/కోల్‌కతా ఎంచుకుని, సేవ్ చేసి, మళ్ళీ యాక్టివ్ చేయండి.