గాలి 2 డిగ్రీలుంటే ఆకు ఎలా గడ్డకట్టింది?

థర్మామీటరు రాత్రంతా 2 డిగ్రీల కిందికి దిగలేదు. తెల్లారి చూస్తే టమాటా ఆకులు ఉడకబెట్టినట్టు నల్లబడి వేలాడుతున్నాయి. చలికాలం మొదట్లో పెరటితోట వాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: సున్నా దాకా రాకుండానే మంచు ఎలా కాటేసింది?

కాటేసింది గాలి కాదు, ఆకాశం. ప్రతి వస్తువూ తన వేడిని పరారుణ కిరణాలుగా వదులుతూనే ఉంటుంది. మబ్బుంటే అది కూడా కొంత వేడిని కిందికి పంపుతుంది, నష్టం చాలావరకు పూడుతుంది. నిర్మలమైన, గాలి కదలని రాత్రి ఆ రాబడి బాగా పడిపోతుంది. పలచని ఆకులో నిలవ వేడి తక్కువ కాబట్టి అది చుట్టూ ఉన్న గాలి కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువే చల్లబడుతుంది. పైగా మనం థర్మామీటరు తగిలించేది కంటి ఎత్తున. బరువైన చల్లగాలి చేరేది నేల మీదికి, పల్లపు మళ్లలోకి.

నిండు వెన్నెల మొక్కల్ని మాడుస్తుందనే నమ్మకం ఇలాగే పుట్టింది. చంద్రుడికి ఇందులో పాత్రేమీ లేదు. వెన్నెల అంత తేటగా పడుతోందంటే తోటకు మబ్బు మూత లేదన్నమాట. చూసింది నిజమే, చెప్పిన కారణమే తప్పు. వికిరణం, అంటే వేడి కిరణాలుగా వెళ్లిపోవడం, పాఠంగా చెప్పే మాస్టార్లకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

దీన్ని అందంగా తేల్చి చూపినవాడు విలియం చార్లెస్ వెల్స్ అనే వైద్యుడు. మంచుబిందువుల మీద తన పరిశోధనను 1814లో ప్రచురించాడు. పచ్చికలో 4 పుల్లలు పాతి, గడ్డికి 6 అంగుళాల పైన, 2 అడుగుల చదరంగా, బాగా పలచని చేతిరుమాలు బిగించాడు. పక్కలు తెరిచే ఉన్నాయి, గాలికి అడ్డేమీ లేదు. అయినా రుమాలు కింది గడ్డి ఆరుబయటి గడ్డి కంటే వెచ్చగా ఉంది. గుడ్డ చేసిందల్లా ఆకాశాన్ని మరుగు చేయడమే!

మడికి కావలసిందీ అదే. కర్రలు పాతి, ఆకులకు తగలకుండా పాత దుప్పటి పరచండి. అంచులు నేలను తాకాలి, ఎందుకంటే రాత్రి వేడి వచ్చేది మట్టిలోంచే. గుడ్డను గొడుగు మూసినట్టు కాండానికి చుట్టి కడితే ఆ వేడి బయటే ఉండిపోతుంది. పొద్దు వాలక ముందే కప్పి, ఎండ రాగానే తీసేయాలి. ప్లాస్టిక్ పట్టా ఆకుకు ఆనిందా, ఆనినచోటల్లా ఆకు మాడుతుంది.

ఇక మట్టిలో వేడిని ఎలా నిలవ చేయాలి? నీళ్లతో. చదరపు మీటరు మడిలో పై 10 సెంటీమీటర్ల పొడి మట్టి సుమారు 130 కిలోలు. అది ఒక డిగ్రీ చల్లబడితే వదిలే వేడి దాదాపు 104 కిలోజౌళ్లు. 25 లీటర్ల నీరు వదిలేదీ అంతే! అంటే రెండు బకెట్ల నీళ్లతో నిలవ రెట్టింపవుతుంది. తడి మట్టి లోపలి వేడిని పైకి అందించడంలోనూ పొడి మట్టి కంటే మెరుగు. ఈ తడి ముందురోజు పొద్దున్నే, మొదళ్లకే పెట్టాలి, పగటి ఎండ వేడంతా అందులోకి దిగుతుంది. సాయంత్రం ఆకుల మీద చల్లితే ఎదురుదెబ్బే: లీటరు నీరు గడ్డకడుతూ ఇచ్చేది 334 కిలోజౌళ్లు, ఆవిరవుతూ లాక్కునేది దానికి ఏడు రెట్లు.

ఎండుటాకుల మల్చింగ్, అంటే మొక్కల చుట్టూ నేల మీద ఆకులు పరచడం, దీని దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. అది దుప్పటే, కానీ మట్టికి, మొక్కకు కాదు. పగటి ఎండను మట్టిలోకి దిగనివ్వదు, రాత్రి మట్టి వేడిని ఆకు దాకా రానివ్వదు. మిరప, టమాటా లాంటి సుకుమారమైన మొక్కలు ఇంకా కాస్తుంటే మంచు పడేలా ఉన్న రోజు పొద్దున్నే దాన్ని పక్కకు లాగండి. నేలలోనే వదిలే క్యారెట్, బీట్‌రూట్‌లకు మాత్రం 20–30 సెంటీమీటర్ల మందాన వేయాలి, అదీ మట్టి చల్లబడ్డాక, గడ్డకట్టక ముందు.

యూరియా లాంటి నత్రజని ఎరువును మాత్రం మొదటి మంచుకు నెలన్నర ముందే ఆపేయండి. ఆలస్యంగా వేస్తే వచ్చే లేత చిగురు నీరు పట్టి ఉంటుంది. అన్నిటికంటే ముందు నల్లబడేది అదే.