స్పైరల్ హీట్ ఎక్స్‌ఛేంజర్: రాగిని కాదు, సందును చూడండి

మిర్యాలగూడ ఉప్పుడు బియ్యం మిల్లుల్లో వడ్లు నానిన వేడినీళ్లను కాలువలోకి వదిలేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే ఆ వేడితోనే కొత్తగా పట్టే నీళ్లను చాలావరకు కాచుకోవచ్చు. దానికి స్పైరల్ హీట్ ఎక్స్‌ఛేంజర్, అంటే వేడినీళ్లు, చల్లనీళ్లు కలవకుండానే ఒకదాని వేడిని ఇంకోదానికి ఎక్కించే చుట్ట, బాగా నప్పుతుంది. రెండు పొడుగాటి స్టీలు పట్టీలను, మధ్యలో సందు కోసం స్టడ్‌లు (పట్టీకి వెల్డింగ్ చేసే పొట్టి మేకుల్లాంటి ముక్కలు) పెట్టి, ఒక పైపు చుట్టూ చాపలా చుడతాం. వేడినీళ్లు నడిమి నుంచి బయటికి, చల్లనీళ్లు బయటి నుంచి నడిమికి పారుతాయి. చేయించుకుందామని వచ్చేవాళ్ల దగ్గర పదేపదే వినిపించే మాటలు ఇవి.

అపోహ: రాగి అయితేనే వేడి బాగా ఎక్కుతుంది.

స్టెయిన్‌లెస్ స్టీలు కన్నా రాగి ఇరవై రెట్లకు పైగా వేడిని మోస్తుంది, నిజమే. కానీ అసలు అడ్డు లోహం కాదు, దానికి రెండు పక్కలా అంటుకుని మెల్లగా కదిలే నీటి పొర. అర మిల్లీమీటరు మందం 304 స్టీలు (స్టెయిన్‌లెస్‌లో మామూలు రకం) పట్టీతో లెక్క కడితే మొత్తం అడ్డులో లోహం వాటా మామూలుగా 5 శాతం అటూఇటూ వస్తుంది. రాగి పెట్టి ఆ 5 శాతం తీసేసినా మిగతా 95 అలాగే ఉంటుంది, డబ్బులు మాత్రం పోతాయి.

అపోహ: సందు ఎంత సన్నగా ఉంటే అంత మంచిది.

సందు సగం చేస్తే వేడి అందుకునే వేగం దాదాపు రెట్టింపు అవుతుంది, అదే నీళ్లు నెట్టడానికి పంపు ఇవ్వాల్సిన ఒత్తిడి మాత్రం ఎనిమిది రెట్లు. ఊక, గంజి కలిసిన నీళ్లయితే సన్న సందు ఎలాగూ పూడుకుపోతుంది. ఇంతకన్నా ముఖ్యమైంది, సందు అంతటా ఒకేలా ఉండటం. చుట్టేటప్పుడు పట్టీ కాస్త పక్కకు లాగి, ఒక అంచున 0.8 మి.మీ., రెండో అంచున 1.2 మి.మీ. వచ్చిందనుకోండి, వెడల్పు వైపు నుంచి మూడు రెట్లకు పైగా నీళ్లు పారతాయి, ఇరుకు వైపు పట్టీ ఉన్నా లేనట్టే. అంచులు వెల్డింగ్ చేసి మూసేయకముందే ప్రతి చుట్టులోనూ నాలుగు చోట్ల ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచటి రేకు) పెట్టి చూడండి. మూసేశాక చూడటానికి ఏమీ ఉండదు.

అపోహ: ఇంకో నాలుగు చుట్లు వేస్తే వేడి మొత్తం దొరుకుతుంది.

రెండు వైపులా నీళ్లు సమానంగా పారేటప్పుడు సగం వేడి రాబట్టడానికి ఎంత పట్టీ పడుతుందో, 75 శాతానికి దానికి మూడు రెట్లు, 90 శాతానికి తొమ్మిది రెట్లు పడుతుంది. మిల్లుకు 70 శాతం దగ్గర ఆగడమే లాభం.

అపోహ: స్పైరల్‌లో పాచి, మన్ను పట్టదు.

మన్ను సంగతి కొంత నిజమే, దారి ఒకటే కాబట్టి ఎక్కడైనా పేరుకుంటే అక్కడ నీటి వేగం పెరిగి కొట్టుకుపోతుంది. మన నల్లగొండ బోరు నీళ్ల సున్నం అలా పోదు. నీళ్లు వేడెక్కే కొద్దీ సున్నం గోడకు గట్టిగా పట్టేస్తుంది, అదే మందం స్టీలు కన్నా ఆ పొర వేడిని ఎన్నో రెట్లు అడ్డుకుంటుంది. నీళ్లలో సున్నాన్ని ముందే తీసేసే సాఫ్ట్‌నర్ పెట్టాలి, లేదా యాసిడ్ తిప్పి కడగడానికి వాల్వులు ముందే పెట్టించుకోవాలి. నీళ్లలో క్లోరైడ్ (ఉప్పులో ఉండేది) ఎక్కువుంటే 304 వద్దు, దాన్ని ఇంకా బాగా తట్టుకునే 316 రకం స్టీలు తీసుకోండి, స్టడ్ వెల్డింగ్ మూలల్లోనే మొదట చిల్లు పడుతుంది.

అపోహ: పట్టీ పలుచనైతే ఖర్చు తగ్గుతుంది.

మందం సగం చేస్తే, అదే ఒత్తిడి ఆగాలంటే స్టడ్‌ల మధ్య దూరం కూడా సగం చేయాలి, అంటే స్టడ్‌లు నాలుగు రెట్లు, వెల్డర్ కూలి కూడా అంతే. టెస్టింగ్ అప్పుడు రెండు వైపులా ఒకేసారి నీళ్లు నింపి ఒత్తిడి పెడితే పట్టీ బలం బయటపడదు. ఒక వైపు ఖాళీగా ఉంచి, రెండో వైపు మాత్రమే పెట్టి చూడమని అడగండి, తర్వాత వైపులు మార్చి మళ్లీ.